కుండీ గోడ తీసేస్తే వేరు ఏం చేస్తుంది?

"ఏమ్మా, ఇటికెలు కోస్తా ఉండావా?" అన్నారు మా ఓనరు అంకుల్, మేడ మీద నేను తడిమట్టిని అచ్చులో నొక్కి వరసగా పేరుస్తుంటే చూసి. ఆయనది కోలారు జిల్లా ముళబాగిలు వైపు, ఇంట్లో తెలుగే, ఏళ్ళ తరబడి టమాటా సాగు చేసి చివరికి బెంగళూరు కె.ఆర్. పురంలో ఇల్లు కట్టుకుని అద్దెలకిచ్చిన మనిషి. ఎగతాళికే అన్నారు గానీ అంతకన్నా సరైన పోలిక నాకిప్పటికీ దొరకలేదు. నారు పెంచుకునే సాయిల్ బ్లాక్ అంటే ఇటుకే. కాల్చని ఇటుక, రెండంగుళాల ఇటుక, నెత్తిన చిన్న గుంట పెట్టి అందులో ఒక విత్తనం వేసిన ఇటుక. దానికి కుండీ ఉండదు, కవరు ఉండదు, ట్రేలో గదులుండవు. మట్టే కుండీ, మట్టే మట్టి.

దీని గురించి ఎవరు చెప్పినా ప్లాస్టిక్ తగ్గుతుందనే మొదలుపెడతారు. తగ్గుతుంది, కాదనను. కానీ ఒక ట్రే కొనుక్కుని ఐదేళ్ళు జాగ్రత్తగా వాడుకునేవాళ్ళ వల్ల లోకం మునిగిపోదు, పైగా నేను ఈ ముద్దల కోసం కొనే కోకోపీట్ వచ్చేదే ప్లాస్టిక్ చుట్టుకుని. కాబట్టి ఆ వాదన పక్కన పెడదాం. అసలు విషయం ఏంటంటే, కుండీ తీసేసినంత మాత్రాన కుండీ చేసే పనులు అక్కర్లేకుండా పోవు. అది మట్టి చెదిరిపోకుండా నిలబెడుతుంది, చుట్టూ తడి ఆరిపోకుండా కాపాడుతుంది, వేరు బయటికి రాకుండా అడ్డం నిలబడుతుంది. ఈ మూడో పని పోవడం మొక్కకు లాభం. మొదటి రెండూ పోవడం మనకు నష్టం. సాయిల్ బ్లాకులతో కుస్తీ అంతా ఆ లాభం కోసం ఈ నష్టాన్ని ఎంత చవగ్గా భరిస్తామన్న దాని మీదే ఉంది.

ముందు లాభం సంగతి. మాది చీరాల పక్క ఊరు. చిన్నప్పుడు మిరప నారు మడిలో పోసి, ఎదిగాక పీకి, తడిగుడ్డలో చుట్టి చేనికి తీసుకెళ్ళడం చూశాను. నాటిన రోజు సాయంత్రానికి ప్రతి మొక్కా తల వాల్చేసేది, మూడు నాలుగు రోజులు అలాగే ఉండి తర్వాత లేచేది. వరికైతే దీన్ని మూన తిరగడం అంటారు. ఆ మూడు రోజులూ మొక్క ఏం చేస్తోందో అప్పుడు తెలీదు. నీళ్ళు తాగేది లావు వేళ్ళు కాదు, కొసల దగ్గరుండే కంటికి సరిగా ఆనని నూగు. నారు పీకినప్పుడు ఆ నూగంతా మడిలోనే తెగి ఉండిపోతుంది. పైన ఆకులేమో ఎప్పటిలాగే నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. రాబడి ఆగి ఖర్చు ఆగకపోతే ఏ ఇంట్లోనైనా జరిగేదే మొక్కలోనూ జరుగుతుంది.

కుండీలో పెంచితే పీకే బాధ లేదు, నిజమే, మట్టితో సహా దింపుకోవచ్చు. కానీ అక్కడ ఇంకో తంటా ఉంది. వేరు గోడకు తగిలాక ఆగదు, గోడ వెంట తిరుగుతుంది. చీకటిగా, తడిగా, నున్నగా ఉంటుంది కాబట్టి గోడ దానికి రోడ్డు లాంటిది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క కవరు చింపి చూడండి, అడుగున తెల్లగా సేమ్యా ముద్దలా కనిపించేది అదే. నేలలో పెట్టాక కొత్త వేళ్ళు బయటికి రావడానికి టైము పడుతుంది, చుట్టుకున్నవి చుట్టుకున్నట్టే లావెక్కుతాయి. తోటకూరకో టమాటాకో దీనివల్ల కొంపలేం మునగవు, వాటి బతుకే నాలుగు నెలలు. నిమ్మ, బొప్పాయి, మామిడి లాంటివాటికి మాత్రం చిన్నప్పుడు పడిన చుట్టు పెద్దయ్యాక మెడకు ఉరిలా బిగుసుకుంటుంది. కొబ్బరి చిప్పల్లో నారు పెంచితే ప్లాస్టిక్ లేనట్టే అని నాతో వాదించేవాళ్ళున్నారు, ఆ చిప్పకు అడుగున చిల్లు పెట్టినా సరే, వేరుకు చిప్ప గోడా గోడే.

గోడ లేనప్పుడు వేరు ముద్ద అంచుదాకా వస్తుంది, గాలి తగులుతుంది, కొస ఎండిపోతుంది. అంతే జరిగేది. ఎండిపోవడం నష్టం కదా అనిపిస్తుంది గానీ ఇంట్లో తులసి చెట్టును తలుచుకోండి. కొస తుంచితే ఏమవుతుంది? కింద నుంచి రెండు పక్క కొమ్మలు వస్తాయి, వాటి కొసలూ తుంచితే గుబురవుతుంది. కొస ఉన్నంతకాలం దాని పెత్తనం సాగి పక్క మొగ్గలు అణిగి ఉంటాయి. వేరులోనూ కొసకు అలాంటి పెత్తనమే ఉంది, అది ఎండగానే వెనక నుంచి పిల్లవేళ్ళు పుడతాయి, అవీ అంచుకొచ్చి ఆగుతాయి, వాటి వెనక ఇంకొన్ని. మూడు వారాలు తిరిగేసరికి ఆ చిన్న ముద్ద నిండా పొట్టి పొట్టి వేళ్ళు నాలుగు వైపులా అంచు దగ్గర కాచుకుని ఉంటాయి. నేలలో పెట్టి మట్టి తగలగానే అన్నీ ఒకేసారి బయలుదేరతాయి. అందుకే బ్లాకులో పెరిగిన మొక్క నాటిన మర్నాడు వాడదు. వాడినా సాయంత్రానికి లేస్తుంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. హొసకోటె, మాలూరు, కోలారు వైపు నర్సరీల్లో వాడే 98 గదుల ప్రోట్రేలో కూడా ఇందులో సగం జరుగుతుంది. ప్రతి గదికీ అడుగున చిల్లుంటుంది, ట్రేను స్టాండు మీద పెడితే కిందికి దిగిన వేరు ఆ చిల్లు దగ్గర గాలి తగిలి ఆగిపోతుంది. పక్క గోడలు మాత్రం అలాగే ఉంటాయి. 25 రోజుల టమాటా నారుకు ఆ సగం చాలు. అందుకే కోలారు రైతు దగ్గరికెళ్ళి మీ ట్రేలు పారేసి మట్టిముద్దలు చేసుకోండి అని ఎవరైనా చెబితే ఆయన నవ్వుతాడు, ఆ నవ్వులో తప్పేం లేదు.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. ఇప్పటి మెక్సికో నగరం దక్షిణ భాగంలోని సొచిమిల్కోలో కాలువల మధ్య మట్టి పోసి చేసిన తోటలున్నాయి, చినాంపాలంటారు. అక్కడివాళ్ళు కాలువ అడుగున బురద తీసి, పలచగా పరిచి, కాస్త ఆరాక చతురస్రాలుగా కోసి, ఒక్కో ముక్కలో గుంట చేసి విత్తనం వేసేవాళ్ళు. మన అమ్మలు మైసూర్‌పాక్ కోసినట్టు. ఇప్పుడు చేత్తో నొక్కే లోహపు అచ్చు మాత్రం యూరప్ కూరగాయల సాగుదార్ల నుంచి వచ్చింది. ఇంగ్లండులో ల్యాడ్‌బ్రూక్ అనే కంపెనీ వాటిని తయారుచేస్తుంది, అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో సేంద్రియ సాగు చేసే ఎలియట్ కోల్మన్ అక్కడి వాళ్ళకు దీన్ని బాగా అలవాటు చేశాడు.

మనకు తిప్పలు మొదలయ్యేది కూడా అక్కడే. ఆ చల్లటి దేశాల పాళ్ళన్నీ పీట్ చుట్టూ తిరుగుతాయి. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళపాటు సగం కుళ్ళి పేరుకున్న నాచు, ఏడాదికి మిల్లీమీటరు మందాన పెరిగే సరుకు. అది తీగలా, జిగురుగా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది, పులుపు ఎక్కువ కాబట్టి అందులో సున్నం కలపమంటారు. మనకు దొరికేది కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు. పేరులో పీట్ ఉందని రెండూ ఒకటే అనుకుని ఆ పాళ్ళను అలాగే దించేసుకుంటే ఏమవుతుందో నేను చేసి చూశాను. ముద్ద అచ్చులోంచి బాగానే వచ్చింది. రెండో రోజు నీళ్ళు చల్లేసరికి మూలలు రాలాయి, నాలుగో రోజుకు ట్రే నిండా పొట్టు, మధ్యలో దిక్కులేని విత్తనాలు. పొట్టు నీళ్ళు పడుతుంది, తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా పట్టుకుంటుంది గానీ పక్క రేణువును పట్టుకోదు. దానికి సున్నం కూడా అక్కర్లేదు, అంత పులుపు ఉండదు.

ముద్ద ఎందుకు నిలబడుతుందో అర్థమైతే పాళ్ళు మనమే చూసుకోవచ్చు. చిన్నప్పుడు ఇసుకలో కాలు పెట్టి పైన తడి ఇసుక తట్టి పిచ్చుక గూళ్ళు కట్టాం కదా. పొడి ఇసుకతో గూడు నిలబడదు. నీళ్ళలో మునిగిన ఇసుకతోనూ నిలబడదు. సరిపడా తడి ఉన్నప్పుడే రేణువుల మధ్య పలచని నీటి పొర రెండింటినీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. సాయిల్ బ్లాక్ మొదటి వారం ఆ నీటి పొర మీదే బతుకుతుంది. రెండో వారం నుంచి వేళ్ళు ఆ పని అందుకుంటాయి. అంటే మనం గట్టెక్కాల్సింది ఒక పది రోజులు. ఆ పది రోజులకు కాస్త జిగురు ఇచ్చేది ఏదైనా కలపాలి, జిగురు ఎక్కువైతే నిజంగానే ఇటుకవుతుంది, వేరుకు గాలి ఆడదు.

బెంగళూరులో ఆ జిగురు మన కాళ్ళ కిందే ఉంది. ఎర్రమట్టి. ఎక్కడ పునాది తవ్వినా గుట్టలు. నాకు కుదిరిన పాళ్ళు చెబుతాను: నానబెట్టి ఉతికిన కోకోపీట్ మూడు డబ్బాలు, సన్న జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు గానీ బాగా చివికిన పశువుల ఎరువు గానీ రెండు డబ్బాలు, జల్లెడ పట్టిన ఎర్రమట్టి ఒక డబ్బా. మట్టి మరీ బంకగా ఉంటే అర డబ్బా ఇసుక. జల్లెడ అంటే పిండి జల్లెడ అక్కర్లేదు, రవ్వ జల్లెడ కన్నా కాస్త పెద్ద కన్నాలున్నది చాలు. పీచు ముక్కలు పెద్దవి ఉంటే అచ్చు అంచుకు తట్టుకుని ముద్ద చీలిపోతుంది. చెన్నైలో ఉన్న మా చెల్లెలు ఇవే పాళ్ళు అక్కడి నల్లటి బంకమట్టితో వేసింది, ముద్దలు ఎండాక గోలీల్లా అయ్యాయి, తర్వాత మట్టి సగానికి తగ్గించుకుంది.

నీళ్ళ కొలత రాత్రికి రాత్రి పట్టుబడదు. కుండీలో నింపే మట్టి కన్నా చాలా తడి కావాలి. గారెల పిండి తెలుసు కదా, చేతికి అంటుకుంటుంది గానీ జారిపోదు, ఆ పదును. పిడికిట్లో తీసుకుని నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాలి, పిడికిలి తెరిస్తే ముద్ద అలాగే ఉండాలి. దోసెల పిండి దాకా పోతే అచ్చులోంచి పడగానే కూలబడుతుంది. కలిపిన వెంటనే చెయ్యకుండా గంటా రెండు గంటలు మూత పెట్టి వదిలేస్తే పొట్టు లోపలిదాకా నానుతుంది, అప్పుడు చూసుకుని మళ్ళీ కాసిని నీళ్ళు.

ఇక ఉప్పు. ఇది చెప్పకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. కొబ్బరి పీచును నానబెట్టే నీళ్ళను బట్టీ, చెట్టు పెరిగిన నేలను బట్టీ పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. నేను మొదట కొన్న దిమ్మలు ఉతకకుండా వాడేశాను, 40 మిరప ముద్దల్లో మొలిచినవి ఆరు. విత్తనం పాడు అనుకున్నాను. అదే విత్తనం తడిగుడ్డలో వేస్తే చక్కగా మొలిచింది. అప్పుడు వాటర్ ప్యూరిఫైయర్ కోసం కొన్న, నీళ్ళలో కరిగిన లవణాల్ని చూపించే టీడీఎస్ మీటరు గుర్తొచ్చి (ఈ ఊళ్ళో అద్దె ఇల్లు చూడ్డానికి కూడా దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళున్నారు) కోకోపీట్ నానిన నీళ్ళలో ముంచితే నాలుగంకెలు చూపించింది. మూడుసార్లు నానబెట్టి, పిండి, పారబోశాక మూడంకెలకు దిగింది. తక్కువ ఈసీ, అంటే ఉప్పు తక్కువ, అని రాసి అమ్మే దిమ్మలకు ఈ అవస్థ తక్కువ. పెద్ద నర్సరీలకు సరఫరా చేసేవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెడతారు, ఎందుకంటే పొట్టుకు అంటుకుని కూర్చున్న సోడియం ఉత్త నీళ్ళకు కదలదు, కాల్షియం వచ్చి తోస్తేనే జరుగుతుంది.

మొలిచాక ఇంకో చిక్కు. రెండో జత ఆకులు వచ్చే టైముకి మొక్క పాలిపోయి పసుపెక్కుతుంది. పచ్చి కొబ్బరి పొట్టులో కార్బన్, నత్రజని నిష్పత్తి 100కు పైనే ఉంటుంది, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు కావాల్సిన నత్రజనిని మొక్క నోటి దగ్గర నుంచి లాక్కుంటాయి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పొట్టును పుట్టగొడుగు జాతి శిలీంధ్రంతో ముందే మాగబెట్టే పద్ధతి చెబుతారు. బెంగళూరు శివార్లలో హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క ఫర్మెంటెడ్ కోకోపీట్ అనే పేరుతో అలాంటిదే తయారుచేసింది. ఇంట్లో చేసుకునే మనకు తేలిక దారి, పాళ్ళలో కంపోస్టు తగ్గించకుండా ఉండటం, మూడో వారంలో ఒకసారి పలచని వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి దిగే నీళ్ళు) గానీ జీవామృతం గానీ అడుగున పోయడం. కంపోస్టు మాత్రం చివికినదై ఉండాలి. వంటింటి చెత్త రెండు నెలలకే నల్లబడిందని తెచ్చి కలిపితే లోపల వేడి, అమ్మోనియా ఉంటాయి, మొలక కొస మాడుతుంది.

ఇప్పుడు రెండో నష్టం, తడి. కుండీకి ఆరేది ముఖ్యంగా పైభాగం. ముద్దకు అడుగు తప్ప మిగతా ఐదు వైపులూ ఆరతాయి. బెంగళూరు వాతావరణం మంచిదని అందరూ అంటారు, మనుషులకు మంచిదే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడి పొడిగాలి రెండంగుళాల మట్టిముద్దకు యముడు. ముప్పావు అంగుళం సైజు ముద్దలు కూడా చేస్తారు, అవి మొలకెత్తాక రెండంగుళాల ముద్ద నెత్తిన అదే కొలతలో చేసిన గుంటలో కూర్చోబెడతారు, ఆ రెండంగుళాలది మళ్ళీ నాలుగంగుళాల దాంట్లో, సంచిలో సంచిలాగా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ముప్పావు అంగుళం ముద్దలో పట్టేదే ఏడు మిల్లీలీటర్ల మట్టి, ఆఫీసుకెళ్ళి వచ్చేసరికి అది బిస్కెట్టు. నేనా సైజు మానేశాను.

ముద్దల్ని దగ్గర దగ్గరగా పెడితే పక్కలు ఆరవు, కానీ పక్కదాని వేరు దీంట్లోకి, దీని వేరు దాంట్లోకి వెళ్ళి కాపురం పెడతాయి, గాలికి ఎండటం అనే లాభమే పోతుంది. దూరంగా పెడితే వేరు ఆగుతుంది, ముద్ద ఆరుతుంది. 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు వదిలితే మధ్యే మార్గం, అప్పటికీ ట్రే అంచున ఉన్నవి ముందు ఆరతాయి, అందుకే నేను అంచు వరసలో విత్తనం వెయ్యకుండా ఉత్త ముద్దలు పెడతాను. ఇది నా సొంత తెలివి, కాస్త మట్టి దండగే, కానీ పనిచేస్తోంది.

నీళ్ళు పైనుంచి పోస్తే ముద్ద కరుగుతుంది. పళ్ళెంలో అర సెంటీమీటరు నీళ్ళు పోసి ముద్దల తట్టను అందులో ఐదు నిమిషాలు ఉంచితే అడుగు నుంచి అవే పీల్చుకుంటాయి, పైభాగం ముదురు రంగుకు మారగానే తీసెయ్యాలి. మర్చిపోయి వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే గిన్నెలు తోమే స్పాంజిని తడిపి పడుకోబెట్టండి, తర్వాత నిలబెట్టండి. పడుకున్నప్పుడు కారని నీళ్ళు నిలబెట్టగానే కారతాయి. ఎత్తు తక్కువున్న మట్టి అడుగున ఎప్పుడూ కొంత నీరు వేలాడుతూనే ఉంటుంది, నేల మీదున్న పళ్ళెంలో అది దిగిపోవడానికి దారి ఉండదు, వేరుకు ఊపిరాడదు. అందుకే ముద్దల్ని జాలీ మీదో వెదురు తట్టలోనో పెట్టాలి, కింద నుంచి గాలి ఆడాలి. నేను వెదురు చేట వాడుతున్నాను, అమ్మ ఊరి నుంచి బియ్యం చెరగడానికని ఇచ్చిందే. ఫోన్లో చెబితే "ఏమే, బెంగళూరు వెళ్ళి చేటలో మట్టి పెట్టుకున్నావా?" అంది.

ఈ పద్ధతిలో నీళ్ళు ఎంత తక్కువ ఖర్చవుతాయో 2024 మార్చిలో తెలిసింది. ఆ నెల ఇక్కడి జలమండలి తాగునీటిని మొక్కలకూ కార్లు కడగడానికీ వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, 500 మీటర్ల ఎత్తుకు పంపుల మీద ఎక్కి వచ్చే కావేరి నీళ్ళవి, అనడంలో తప్పేముంది. నా 60 ముద్దలకు బియ్యం కడిగిన నీళ్ళు సరిపోయాయి. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్ళు మాత్రం పొయ్యకండి, ఉప్పంతా పోగైన నీళ్ళవి, మొలకలు తట్టుకోలేవు.

శుక్రవారం రాత్రి బస్సెక్కి సోమవారం తెల్లారి దిగేవాళ్ళకు ఈ పద్ధతి పనికిరాదని కూడా చెప్పాలి. కుండీ రెండు రోజులు ఆగుతుంది, ముద్ద ఆగదు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి వంగ నారు మొత్తం పోయింది నాకు. ఇప్పుడు ఊరెళ్ళే ముందు చేటను నీడలోకి మార్చి, కింద తడి గోనెపట్టా పరిచి, పైన ఇంకోటి డేరాలా కప్పి, ఓనరు అంకుల్‌కు అప్పజెప్పి వెళ్తున్నాను.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. ఆగస్టు, సెప్టెంబరులో ముద్దలు ఆరవు, మొలక మొదట్లో నల్లబడి పక్కకు వాలిపోతుంది, నారుకుళ్ళు అంటాం. పిథియం, రైజోక్టోనియా లాంటి నేలలోని సూక్ష్మజీవుల పని. కాస్త ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మంచి శిలీంధ్రం) పొడి ముందే కంపోస్టులో కలిపి వారం మాగనిస్తే తగ్గుతుంది, కానీ దానికన్నా ఎక్కువ పనిచేసేది గాలి, పైభాగం పొడిగా ఉండటం. ముద్ద మీద ఆకుపచ్చ పాకుడు కనిపిస్తే అది విషమేం కాదు, మీరు నీళ్ళు ఎక్కువ పోస్తున్నారని చెబుతోందంతే.

అచ్చు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. విదేశాలవి తెప్పించుకోవచ్చు, ధర చూసి నేను ఆగిపోయాను. ముందు జంతికల గొట్టంతో ప్రయత్నించాను, బిళ్ళ తీసేసినా కింద అంచు అడ్డొచ్చి ముద్ద సగానికి విరిగింది, అమ్మకు ఇది చెప్పలేదు. చివరికి వెల్డింగ్ షాపులో 50 మిల్లీమీటర్ల చదరపు స్టీలు పైపు నాలుగంగుళాలు కోయించి, అందులో వదులుగా దిగే రేకు బిళ్ళను ఒక కడ్డీకి అతికించి, బిళ్ళ మధ్యలో బోల్టు తల వచ్చేలా చేయించాను. ఆ బోల్టు తలే విత్తనానికి గుంట. కలిపిన మట్టిని అచ్చు కన్నా ఎత్తుగా కుప్ప పోసి, అచ్చును దానిలోకి గట్టిగా దించి, తిప్పి లేపి, అడుగు గీకి, చేటలో ఆనించి, కడ్డీ నొక్కుతూ పైకి లాగాలి. ప్రతిసారీ అచ్చును నీళ్ళలో ముంచాలి. మొదటి పది ముద్దలు పాడవుతాయి, మళ్ళీ కుప్పలో కలిపెయ్యడమే.

ఓనరు అంకుల్ ఇదంతా చూసి అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఎకరాకెంత పిండి పడతాదమ్మా?" లెక్క వేశాం. రెండంగుళాల ముద్ద 130 మిల్లీలీటర్లు, అది నొక్కిన మట్టి, వదులు మట్టి దానికి రెట్టింపు అనుకుంటే 260. ఎకరాకు 8 వేల టమాటా మొక్కలనుకుంటే రెండు వేల లీటర్ల పైన మిశ్రమం. 98 గదుల ట్రేలో ఒక్కో గదికి పట్టేది 25 మిల్లీలీటర్లకు అటూ ఇటూ, అంటే మొత్తం 200 లీటర్లు. పదింతల తేడా. పైగా ట్రేల్ని లారీలో ఒకదాని మీద ఒకటి పేర్చి పంపొచ్చు, ముద్దల్ని పేర్చలేరు, గుంతల రోడ్డు మీద అవి మట్టిగానే దిగుతాయి. ఆయన చేతులు దులుపుకుని "మేడకి బాగుంది" అన్నారు. సరిగ్గా అంతే దీని స్థానం. వంద మొక్కల లోపు పెంచేవాళ్ళకు ఇది సుఖం.

ఆ వందలోనూ అన్నీ వెయ్యక్కర్లేదు. తోటకూర, మెంతి, గోంగూర, ముల్లంగి, క్యారెట్ నేరుగా చల్లుకోవాల్సినవే. టమాటా, వంగ, మిరప బ్లాకుల్లో బాగా వస్తాయి. ఉల్లి అయితే ఒకే ముద్దలో నాలుగైదు విత్తనాలు వేసి విడదీయకుండా గుంపుగానే నాటొచ్చు, గడ్డలు ఒకదాన్నొకటి తోసుకుని వాటి చోటు అవే చూసుకుంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం బీర, సొర, కాకర, దోస. వీటికి వేరు కదిపితే కోపం, అందుకే పెద్దవాళ్ళు వీటికి నారు పొయ్యకుండా పాదులోనే గింజ పెడతారు. పాదులో పెడితే ఇక్కడ ఉడతలు తవ్వి తినేస్తాయి. బ్లాకులో వేసి, పది పన్నెండు రోజులకు రెండో ఆకు విచ్చుకుంటుండగా నాటితే మొక్కకు చోటు మారిన సంగతే తెలీదు.

నాటే అదును ముద్దే చెబుతుంది. పక్కల నుంచి తెల్లటి కొసలు కనిపించాలి, రెండు వేళ్ళతో పట్టి ఎత్తితే చెదరకూడదు. వారం ముందు నుంచి నీళ్ళు కాస్త తగ్గించి ఎండ అలవాటు చెయ్యాలి. నాటేటప్పుడు ముద్ద పైభాగం మట్టిలో మునిగేలా చూడండి. ఒక మూల బయటికి కనబడుతూ ఉంటే అది దీపం వత్తిలా లోపలి తడిని పీల్చి గాలికి వదిలేస్తుంది, చుట్టూ మట్టి తడిగా ఉన్నా ముద్ద ఎండి మొక్క వాడుతుంది. నాటిన చోట చేత్తో గట్టిగా ఒత్తి వెంటనే నీళ్ళు పోస్తే ముద్దకూ మట్టికీ మధ్య సందు లేకుండా అతుక్కుంటుంది.

మేడకి బాగుంది అన్న అంకులే నెల తిరక్కుండా వచ్చి నాలుగంగుళాల అచ్చు చేయిద్దామన్నారు, బొప్పాయికట. వేళ్ళు చుట్టుకుంటే ఎక్కువ నష్టపోయేది అలాంటి చెట్టే కాబట్టి నేనూ సరేనన్నాను. నాలుగంగుళాల ముద్ద అంటే లీటరు మట్టి, తడిగా ఉన్నప్పుడు కిలో పైన బరువు, బొప్పాయి నారు నెలన్నర రెండు నెలలు అందులో ఉండాలి. ఆరు ముద్దలు చేశాం. రెండిటికి మూలలు రాలాయి, ఒకటి ఉడత తన్నేసింది. మిగతా మూడు పక్కల నుంచి తెల్లగా కొసలు కనబడుతున్నాయి, ఆయన రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి వంగి చూసి, ఇంకో వారం పెట్టు అంటున్నారు.